నీళ్ళెక్కేటప్పుడు లోపల ఉన్నవాడు

ఆ రోజు రోహిణి కార్తె ఆఖరు. పొద్దుటి నుంచే గాలి వేడిగా వీస్తోంది. మధ్యాహ్నానికి పడమట కొంచెం మబ్బు పట్టింది కానీ వాన కురిసే మబ్బు కాదు. నేను చెలకలో గుంటుక తోలుతున్నాను. పత్తి మోళ్ళు ఏరడం సగమే అయింది, మిరుగం, అంటే మృగశిర కార్తె, నాలుగు రోజుల్లో ఉంది. మలుపు దగ్గర ఎద్దులను తిప్పుతుంటే గట్టు మీద పడవ మామ కనిపించాడు. ఆయన ఏటి ఒడ్డు విడిచి పొలాల వైపు రావడం నేను ఎన్నడూ చూడలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అల్లుడా, గుంటుక ఇడువు," అన్నాడు. "బావ పోయిండు."

నేను ఎద్దులను విప్పి తుమ్మచెట్టుకు కట్టాను. ఇద్దరం ఊరి దారి పట్టాం.

"అన్నం తిని పండుకున్నడట. చాయ్‌కి లేపబోతె లేవలేదని మీ పెద్దమ్మ చెప్పింది," అన్నాడు. కొంత దూరం నడిచాక మళ్ళీ అన్నాడు. "పడవ పని నిన్ననే అయిపాయె. ఇగ నీళ్ళే రావాలె."

పోయినాయన మా పెద్దబాపు, మా బాపుకు అన్న. బొంబాయిలో నౌకాదళపు గోదీలో నలభై ఏండ్లకు కొంచెం తక్కువగా పని చేశాడు. గోదీ అంటే ఓడలు కట్టే, బాగుచేసే చోటు. సముద్రానికి ఇంత దూరాన, నాందేడ్ జిల్లాలో ఒక మెట్ట ఊళ్ళో పుట్టిన మనిషి అక్కడికి ఎలా చేరాడని అడిగితే, "కాళ్ళు తీస్కపోయినయి" అనేవాడు. అసలు సంగతి మా నాయినమ్మ చెప్పింది. నిజాం కాలంలో రెండేండ్లు వరసగా జొన్న పండలేదు. బొంబాయి మిల్లుల్లో పనికి పోతున్న సాలోళ్ళ గుంపు వెంట ఈయన కూడా పోయాడు. మిల్లులో నేత రానివాడికి పని దొరకలేదు. గోదీలో ఓడ అడుగుకు పట్టిన గవ్వలు గీకడానికి మనుషులు కావాలంటే అక్కడికి పోయాడు.

మా బడి మరాఠీ బడి. తెలుగు అక్షరాలు నేను పెద్దబాపు ఉత్తరాల మీదే నేర్చుకున్నాను. ఆయన కూడా బొంబాయిలోనే నేర్చుకున్నాడు, మిల్లు కార్మికులు తాముండే వరస గదుల చాల్‌లో సాయంత్రాలు నడిపిన తెలుగు బడిలో. నెలకొక ఉత్తరం వచ్చేది. పెద్దమ్మ, నాయినమ్మ గడప దగ్గర కూర్చునేవాళ్ళు, నేను కూడబలుక్కుని చదివేవాణ్ణి. ఓడ పేరు రాయొద్దని అక్కడ హుకుం ఉందట. అందుకని "ఒక ముసలి ఓడ", "ఒక పొట్టి ఓడ", "మొన్నటి పొడుగు ఓడ" అని రాసేవాడు.

ఒకసారి, "ఈ వారం ముసలి ఓడ వచ్చింది, అడుగంత పాచి, గవ్వలు, మూడు దినాలు గీకినం" అని రాశాడు.

"ఓడకు ముసలితనం ఎట్ల వస్తదో అడుగుమను," అంది నాయినమ్మ. అడిగి రాశాను. తర్వాతి నెల జవాబు వచ్చింది. "అవ్వకు చెప్పు. తిరిగే ఓడకు ఆలస్యంగ వస్తది. కూసున్న ఓడకు జల్ది వస్తది."

"నన్నే అన్నడు," అని నాయినమ్మ లేచి పోయి పొయ్యి ముట్టించింది.

పాకిస్తాన్‌తో లడాయి అయిన ఏడు ఉత్తరంలో రెండే మాటలు ఉన్నాయి. "నేను మంచిగున్న. పని ఉన్నది." పెద్దమ్మ ఆ కార్డును చాలా రోజులు గూట్లో దీపం పక్కన పెట్టుకుంది. ఆమెకు చదువు రాదు. కార్డు తిప్పి తిప్పి చూసి, "ఇంత జాగ ఖాళీ ఇడిసిండు. ఇంకో మాట రాస్తె పోస్టోడు వద్దంటడా?" అనేది.

ఏడాదికొకసారి సెలవు మీద వచ్చేవాడు. ఓడను ఎట్లా బాగుచేస్తారని ఊరంతా అడిగేది. ఆయన నాయినమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేవాడు.

"అవ్వా, మన మడుగుల బర్రె పండుకుంటదా?"

"పండుకుంటది."

"మడుగు మూతి కట్టేసి నీళ్ళన్ని తోడేస్తె?"

"బర్రె లేచి పోతది."

"ఓడకు కాళ్ళు లేవు గద, ఏడికి పోతది? ముందుగాల మేం కింద కట్టె దిమ్మెలు పేరుస్తం. నీళ్ళు తగ్గినకొద్ది మెల్లగ దిమ్మెల మీద కూసుంటది. అప్పుడు పొట్ట కిందికి దూరి కడుగుతం, అతుకులేస్తం, రంగేస్తం. అయినంక మళ్ళ నీళ్ళిడుస్తం. తేలి పోతది."

నాయినమ్మ అంతా విని, "బర్రెను కడగనీకి బొంబాయి దాక పోయినవా కొడుకా," అంది. ఆ మాట ఊళ్ళో చాలా ఏండ్లు నడిచింది. ఆయనను చూడగానే ఎవరో ఒకరు, "బర్రె మంచిగున్నదా పటేలా?" అని అడిగేవారు. "మంచిగున్నది. ఫిరంగులు పెట్టిండ్రు దానికి," అనేవాడు.

గోదీ చరిత్ర ఆయనకు పుస్తకాల మీద తెలిసింది కాదు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి వచ్చినట్టు తెలుసు. రెండు వందల ఏండ్లకు పైబడ్డ గోదీ అది అనేవాడు. మొదట అక్కడ కట్టె ఓడలు కట్టారు. సూరత్ నుంచి వచ్చిన ఒక పార్సీ వడ్రంగి ఇల్లు తరాల తరబడి ఆ పని చేసింది. మలబారు అడవుల టేకు సముద్రం మీద వచ్చేది. ఇంగ్లీషువాళ్ళ దేశపు కట్టెతో కట్టిన ఓడలు కుళ్ళిపోతే, బొంబాయి టేకు ఓడలు ఇంకా తిరిగేవట. తర్వాత ఆవిరి వచ్చింది, ఇనుము వచ్చింది. వడ్రంగుల కొడుకులు ఇనుప రేకులకు బెజ్జాలు వేయడం నేర్చుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు పోయారు, జెండా మారింది. గోదీలో నీళ్ళు తోడడం మాత్రం ఆగలేదు. పక్క గోదీలో మనవాళ్ళే కట్టిన మొదటి పెద్ద యుద్ధ ఓడ తమ దగ్గరికి వచ్చినప్పుడు దిమ్మెలు పేర్చిన గుంపులో ఆయన కూడా ఉన్నాడు. అది చెప్పేటప్పుడు మాత్రం కొంచెం నిటారుగా కూర్చునేవాడు. "ఎంత ఉక్కు ఓడైనా కూసునేది కట్టె మీదనే," అనేవాడు.

ఆయన స్వంత పని దిమ్మెలు పేర్చడం, పడవలకూ, కట్టె ఓడల అడుగులకూ, ఉక్కు ఓడల పైతట్టు చెక్కలకూ సందులు కొట్టడం. సందులు కొట్టడం అంటే రెండు పలకల మధ్య ఉన్న సందులో నూనెలో తడిపిన పత్తి పేనిక పెట్టి, మొద్దు ఉలితో కొయ్యసుత్తితో దట్టించి, పైన గుగ్గిలం కాచి పోయడం. నీరు చుక్క కూడా లోపలికి రాకూడదు. గవ్వలు గీకే కూలీగా ఉన్నప్పుడు ఒక కొంకణపు ముస్లిం ముసలాయన ఈయనను పిలిచి సుత్తి చేతికి ఇచ్చాడట. ఆ ఉస్తాదుకు నేర్పింది ఒక గోవా కిరిస్తానం మనిషి. ఆయనకు నేర్పింది సూరత్ వడ్రంగుల చేతి కింద పని చేసినవాడు. ప్రతి పొద్దున సుత్తి పట్టుకునే ముందు పెద్దబాపు ఈ వరస లోలోపల చెప్పుకునేవాడు. నాకు మొదట అది ఏదో మంత్రం అనిపించింది. అడిగితే, "నా పని ఎవలిదో యాది చేసుకుంటున్న," అన్నాడు.

గోదీలో ఒక కట్టుబాటు ఉండేదట. కట్టె ఓడకు మరమ్మతు అయ్యాక గోదీలోకి నీళ్ళు వదిలేటప్పుడు సందులు కొట్టినవాడు ఓడ లోపల, అడుగున ఉండాలి. అరిస్తే పైన వినబడదు. ఒక లాంతరు, ఒక సుత్తి. చుట్టూ నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు వింటూ, చేత్తో సందులు తడుముకుంటూ ఉండాలి. పైకి ఎక్కే నిచ్చెన ఉంటుంది, ఎవరూ పట్టుకుని ఆపరు. "అయినా ఎవ్వడు ఎక్కడు," అనేవాడు. "నువ్వు కొట్టిన సందు మీద నువ్వే నిలబడకుంటె ఇంకెవడు నిలబడ్తడు?"

పింఛను అయి ఊరికి వచ్చేసరికి నాయినమ్మ లేదు. ఒక ట్రంకు, చుట్టిన పరుపు, కొయ్యసుత్తి, నాలుగు మొద్దు ఉలులు తెచ్చుకున్నాడు. ఊళ్ళో ఆయనకు పని లేదు. భూమి మా బాపు, నేను చేసుకుంటున్నాం. పొద్దున లేచి ఏది కనబడితే అది వేలి ముడుసుతో కొట్టి చూసేవాడు. బండి చక్రం, గింజల గుమ్మి, తలుపు దిమ్మె, అరటిగెల కట్టిన వాసం. చెవి పెట్టి విని, "ఇది లోపల పోయింది," అనో, "ఇంకో పదేండ్లు" అనో చెప్పేవాడు. చాలాసార్లు అది నిజమయ్యేది.

ఇంటి మీది పెంకులు మాత్రం ఆయన ముట్టలేదు. పెద్దమ్మ వానాకాలం మొదటి వానకు గిన్నెలు పరుస్తూ, "నలభై ఏండ్లు సర్కారు ఓడలకు సందులు కొట్టిండు. నా ఇల్లు మాత్రం ఉరుస్తనే ఉన్నది," అనేది.

"ఇల్లు తేలేది కాదు గద," అనేవాడు.

"తేలే కాలం వస్తది, ఆగు."

మా ఊరు గోదావరికి దక్షిణపు ఒడ్డున ఉంది. గింజలమ్మే గల్లా బజారు, రైలు, పెద్ద డాక్టరు, అన్నీ అవతల ధర్మాబాద్‌లో. ఎండాకాలం మోకాటి నీళ్ళలో నడిచి దాటవచ్చు. మిరుగం నుంచి శివరాత్రి దాకా పడవే దిక్కు. పడవ లేకుంటే నాయ్‌గావ్ వైపు పోయి ఒక పూట చుట్టు తిరగాలి. ఊరికి ఉన్నది ఒకే పడవ, దాన్ని నడిపేది పడవ మామ. బెస్తవాళ్ళలో ఆయన ఇల్లొకటే మా ఊళ్ళో మిగిలింది. పంట మీద ఇంటింటికీ ఆయన గింజలు ఆయనకు ముడతాయి. మా పెద్దబాపుకూ ఆయనకూ వయసు ఒకటే, వరస బావలు.

పెద్దబాపు వచ్చిన మరుసటి ఎండాకాలం పడవ చాలా పాడయింది. మామ ఏటా చేసే పద్ధతి ఒకటి ఉంది. వేసవిలో పడవ ఒడ్డు మీద ఎండుతుంది. మిరుగానికి ముందు దానిలో రాళ్ళు నింపి మడుగులో ముంచుతాడు. వారం, పది దినాలు నానుతుంది. తర్వాత పైకి తీసి, సందుల్లో గుడ్డపేలికలు దోపి, తారు పూస్తాడు. అయినా నీళ్ళు కారేవి. అవతలికి చేరేలోపు ఒక మనిషి డబ్బాతో తోడుతూనే ఉండాలి.

ఆ ఏడు మామే వచ్చి పెద్దబాపును అడిగాడు. "బావా, నీ సర్కారు చెయ్యి ఒక్కసారి మా పడవ మీద పెట్టు."

పెద్దబాపు ముఖం వెలిగింది. పడవను బోర్లించాడు. పాత పేలికలన్నీ పెరికేశాడు. ఊళ్ళో పత్తికి కొదవ లేదు. పేనికలు పేని, నువ్వుల నూనెలో నానబెట్టాడు. ఎండలు మండే రోహిణి కార్తె. పలకలు ఎండి ముడుచుకుపోయి సందులు వేలు పట్టేంత వెడల్పు ఉన్నాయి. వాటి నిండా పత్తి దట్టించడం మొదలుపెట్టాడు. ఏటి ఒడ్డున సుత్తి చప్పుడు ఊళ్ళోకి వినబడేది.

మామ రెండు రోజులు చూసి, మూడోనాడు అడిగాడు.

"ముంచుడు లేదా బావా?"

"గోదీల ఓడను ముంచి బాగుచేస్తరా? ముంచకుండ ఉండనీకే గద ఇదంత."

"గట్ల కాదు. కట్టె ఎండింది, దప్పికతోని ఉన్నది. ముందుగాల తాగనియ్యి. తాగితె ఉబ్బుతది. నువ్వు గింత బిగిస్తె అది ఏడికి ఉబ్బాలె?"

"బావా, నేను యుద్ధ ఓడల పని చేసిన."

"చేసినవు. నేను కాదన్ననా?" అని మామ చుట్ట ముట్టించుకుని పక్కకు పోయాడు. తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మిరుగం నాడు పడవను నీళ్ళలోకి దింపాం. పడవ అద్దంలా నున్నగా ఉంది. సర్పంచు కొబ్బరికాయ కొట్టాడు. గోదీ కట్టు ప్రకారం పెద్దబాపు లోపల కూర్చున్నాడు. గోదీలో అయితే ఒక ఆటు, ఒక పోటు అయ్యేదాకా ఉండాలట. ఏట్లో ఆటుపోట్లు లేవు కనక పొద్దు పొడుపు నుంచి పొద్దు గూకేదాకా ఉంటానన్నాడు. ఒడ్డున మోకాటి పైకి వచ్చే నీళ్ళు. పడవను ఒక గుంజకు కట్టాం. మధ్యాహ్నం దాకా చుక్క రాలేదు. జనం, "బొంబాయి పని బొంబాయి పనే," అనుకుంటూ ఇళ్ళకు పోయారు. నేను ఆయన సద్ది తీసుకుని ఒడ్డున ఉన్నాను. మామ కొంచెం దూరంలో వల అల్లుకుంటున్నాడు.

రెండు గంటల వేళ పడవలో టక్‌మని చప్పుడైంది. మామ వల ఆపాడు. పెద్దబాపు తల వంచి విన్నాడు. కొంతసేపటికి ఇంకొకటి. ఎండిన పలకలు నీళ్ళు తాగి ఉబ్బుతున్నాయి. సందుల్లో చోటు లేదు. అందుకని అవి అడ్డకట్టెల నుంచి మేకులను పీకుకుని పైకి లేస్తున్నాయి. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు. తనకు మొదటి చప్పుడుకే తెలిసిపోయిందని పెద్దబాపు తర్వాత చెప్పాడు.

"దిగు పెద్దబాపు," అన్నాను.

"ఇంక పొద్దున్నది," అన్నాడు.

మూడింటికి ఒక పలక పూర్తిగా ఊడింది. నీళ్ళు బుసబుసమని వచ్చాయి. ఆయన లేవలేదు. పడవ ఆయనతో సహా మెల్లగా అడుగుకు దిగి ఇసుక మీద కూర్చుంది. నీళ్ళు నడుముకు వచ్చాయి. సుత్తి ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఊరు మళ్ళీ ఒడ్డుకు వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఎవరో ఒకాయన, "బర్రె పండుకున్నది" అన్నాడు కానీ ఆ మాట సగంలోనే ఆగిపోయింది.

పొద్దు గూకే వేళకు మామ నీళ్ళలోకి దిగి పోయాడు. పడవ అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"లే బావా. చలిజెరం వస్తది."

"తప్పు నాది," అన్నాడు పెద్దబాపు. ఒడ్డున ఉన్న అందరికీ వినబడేటట్టు అన్నాడు. "ఈయన చెప్పిండు. నేను ఇనలే. సముద్రం కాడ గాలిల తేమ ఉంటది, అక్కడ కట్టె గింత ఎండదు. అది నాకు యాదికి రాలే."

మామ ఆయన చెయ్యి పట్టుకుని లేపాడు.

ఆ రాత్రే పైన ఎక్కడో వాన కొట్టింది. మూడోనాటికి ఏరు నిండింది. విరిగిన పడవ ఒడ్డు మీద, ఊరు ఇవతల. పదకొండు రోజులు మాకు అవతలి దారి లేదు. ఏడో రోజు కుమ్మరివాళ్ళ కోడలికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, డాక్టరు దగ్గరికి పోవాలంది. పడవ ఉంటే ధర్మాబాద్ గంట దారి. బండి కట్టి నాయ్‌గావ్ దారి పట్టించాం. బురద. పెద్దబాపు బండి వెనక నడిచాడు, చక్రం కూరుకుపోయిన చోటల్లా భుజం పెట్టాడు. ఎక్కి కూర్చోమంటే కూర్చోలేదు. సగం దారిలో, ఒక వాగు దగ్గర, ఆమె బండిలోనే కన్నది. తల్లికి పది రోజులు జ్వరం వచ్చింది కానీ ఇద్దరూ బతికారు. ఆడపిల్ల.

ఆ పిల్ల నడక నేర్చినప్పటి నుంచి పెద్దబాపు జేబులో బెల్లం ముక్క ఉండేది. వీధిలో కనబడితే ఆగి ఇచ్చేవాడు. ఆమె తిని పోయేదాకా నిలబడి చూసేవాడు. ఇప్పుడు మూడో తరగతి చదువుతోంది.

ఆ పదకొండు రోజుల్లో పడవ పని మళ్ళీ మొదటి నుంచి జరిగింది. ఈసారి చెప్పింది మామ, చేసింది పెద్దబాపు. దట్టించిన పత్తి అంతా పీకేశాడు. కొత్త మేకులు కొట్టాడు. రాళ్ళు నింపి నిండు వారం మడుగులో ముంచారు. పైకి తీసి, తడి ఆరకముందే, సందుకు సగం పత్తి, చేతి బరువుతోనే. "జర జాగ ఇడువు, జర జాగ ఇడువు," అని మామ పక్కన కూర్చుని చెబుతుంటే, "ఇడుస్తున్న ఉస్తాద్," అనేవాడు పెద్దబాపు. మామ మొదట అది ఎగతాళి అనుకుని మొహం ముడుచుకున్నాడు.

"ఉస్తాద్ ఏంది బావా? నేను బెస్తోన్ని."

"నేర్పినోడు ఉస్తాదే. నా వరసల నీ దాక వచ్చింది."

మర్నాడు సుత్తి పట్టే ముందు ఆయన గొణుక్కుంటుంటే నేను దగ్గరగా పోయి విన్నాను. సూరత్ వడ్రంగి, గోవా ఆయన, కొంకణపు ఉస్తాదు, ఆ వెనక గోదారి బెస్త. ఆ వరస అట్లాగే ఉండిపోయింది.

పన్నెండో నాడు పడవ మళ్ళీ నీళ్ళలో పడింది. పెద్దబాపు పొద్దంతా లోపల ఉన్నాడు. ఈసారి మామ కూడా వల తీసుకుని లోపలికే ఎక్కాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చుట్టలు కాల్చారు. సాయంత్రం పెద్దబాపు అడుగంతా చేత్తో తడిమి, ఆ చెయ్యి ఎత్తి మాకు చూపించాడు. పొడిగా ఉంది.

అప్పటి నుంచి ఎనిమిదేండ్లు, ఏటా రోహిణిలో ముంచడం, తీయడం, కొట్టడం. ఏటా మొదటి నీళ్ళకు ఆయన లోపల ఉండడం. నీళ్ళు తోడే డబ్బా పడవలో పనిలేక తుప్పు పట్టింది. అవతలి ఊళ్ళవాళ్ళు కూడా ఆయనను పిలిచేవారు. వెళ్ళి, ముందు అక్కడి పడవాయనను, "మీరెట్ల చేస్తరు?" అని అడిగి, అంతా విన్నాకే ఉలి తీసేవాడు. ఒక ఊళ్ళో అది చూసి, "బొంబాయి మేస్త్రీ అన్నరు, ఈయనకు ఏం తెల్వనట్టున్నది," అన్నారట. ఆ మాట మాకు చెప్పుకుని చాలాసేపు నవ్వాడు.

పోయిన వేసవిలో ఒకరోజు పని మధ్య నన్ను అడిగాడు. "గోదీల నా జాగల ఇప్పుడు ఎవడున్నడో?"

"ఎవరో ఒకరు ఉంటరు పెద్దబాపు."

"ఉంటడు. ఉండాలె. నీళ్ళిడిసినప్పుడు లోపల మనిషి లేకుంటె ఓడకు ఎట్లనో అయితది." చేతిలోని ఉలి కింద పెట్టి, "ఓడకు ఏం గాదు గని, నాకే గట్ల అనిపిస్తది," అన్నాడు.

ఈ ఏడు పడవను ముంచడం, తీయడం అయింది. సందులు కొట్టడం ఆయన పోయే ముందు రోజే అయింది. ఒడ్డు మీద గుంజకు కట్టి ఉంచాం, ఏరు వచ్చి ఎత్తుకోవాలి.

తొమ్మిదో రోజు పొద్దున పైనుంచి నీళ్ళు వస్తున్నాయని కేక వినబడింది. ఇంట్లో చుట్టాలు ఉన్నారు, పదో దినం పనులు ఉన్నాయి. పెద్దమ్మ అప్పటిదాకా బయటికి రాకూడదు. గోడకు ఆనుకుని కూర్చునే నన్ను పిలిచింది.

"నీళ్ళొచ్చినయట గద."

"ఆఁ. ఒడ్డు దాక వచ్చినయి."

"లోపల ఎవలున్నరు?"

మొదటి నీళ్ళకు పడవలో మనిషి ఉండాలన్న సంగతి మా ఎవరికీ తోచలేదు. ఆమె లేచి, ట్రంకు మీద ఉన్న కొయ్యసుత్తి తీసి నా చేతిలో పెట్టింది. "పోయి ఇచ్చిరా," అంది. ఎవరికి అనేది చెప్పలేదు.

నేను ఏటికి పోయేసరికి మామ పడవలోనే ఉన్నాడు. నీళ్ళు అప్పటికే పడవ అడుగును నాకుతున్నాయి. సుత్తి అందించాను. ఆయన దాన్ని పక్కన పెట్టుకోకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన సందు కొట్టేవాడు కాదు, అయినా లోపల కూర్చున్నాడు. పడవ ఒకసారి అటూ ఇటూ కదిలి తేలింది. ముందు కొస దగ్గర ఒక సందు కొంచెం చెమర్చింది. మామ దాని మీద సుత్తితో మూడు దెబ్బలు మెల్లగా వేశాడు. చెవి పెట్టి విన్నాడు. నేను పొద్దుగూకే వేళకు మళ్ళీ వచ్చేసరికి అది ఆరిపోయింది. ఆయన ఇంకా లోపలే ఉన్నాడు. అప్పటిదాకా ఏమీ తినలేదు.

మర్నాడు పదో దినం. బొంబాయి నుంచి గోదీలో పని చేసి పింఛను తీసుకున్న ఇద్దరు ముసలివాళ్ళు ముందు రోజు రాత్రే బస్సులో వచ్చి ఉన్నారు. ఒకాయన మరాఠీ, ఒకాయన కొంకణపు ముస్లిం. రాత్రి వానకు ఇల్లు ఉరిసింది, వాళ్ళ పక్కలను రెండుసార్లు జరపవలసి వచ్చింది. పెద్దమ్మ వాళ్ళకు క్షమాపణ చెప్పలేదు. "మీ దోస్తు చేసిన పని," అంది.

భోజనాలు అయ్యాక, మూడు గంటల దెగ్లూర్ బస్సుకు మేనత్త, ఆమె కొడుకులు పోయారు. గోదీ మనుషులిద్దరూ నాలుగింటికి పడవ ఎక్కారు. ఏరు దాటుతున్నంతసేపు వంగి బొటనవేళ్ళతో సందులు తడుముతూనే ఉన్నారు. అవతల దిగి, సాయంత్రం రైలుకు ధర్మాబాద్ వైపు నడిచారు. పడవ మామ ఖాళీ పడవతో తిరిగి వచ్చి, గుంజకు కట్టి, పొద్దు గూకినాక ఇంటికి పోయాడు.